పసుపుపైని సీసము

కొలకలూరి ప్రాంతమున సంక్రాంతి వెళ్లిన పిమ్మట పసుపు త్రవ్వకము మొదలగును. ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో నున్న దుంపను పైకి తీసి, మన్ను దులిపి, కొమ్ములను కాయలను వేఱుచేసి, పెద్ద ఇనుప పాత్రలలో ఉడికించి, కళ్లములలో ఎండబోయుదురు. ఆ ఉడికెడు పసుపు వాసన ఆ సీమలో పుట్టినవానికి ముసలితనమున సైతము మఱపునకు రాదు. పది పదునైదు దినములు ఎండిన పిమ్మట కొమ్ములను త్రిప్పుడు పీపాలలో వేసి, పైపొట్టు రాల్చి, నునుపుచేసి, పొరుగుననే యున్న దుగ్గిరాల యార్డునకు తోలుదురు. అచ్చట నేర్పుగల కొనుగోలుదారుడు మొదట చేయు పని కొమ్మును విఱిచి లోపలి రంగు చూచుట. పైమెఱుగు మాత్రమే చూచువాడు నేర్పరి కాడు. కాని లోకములో అట్టివారే యెక్కువ.

ఈ పైమెఱుగును గూర్చియే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. మొదటనే యొక మాట స్పష్టము చేయవలెను. దుగ్గిరాల పసుపులో దోషమున్నదని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పుటకు మాకాధారము లేదు. పొరుగు దేశములందును, మన దేశములోని కొన్ని నగరములందును, పసుపునకు లేని మెఱుగు తెచ్చుటకై సీసపు రంగు పూసిన సరకు అమ్ముడుపోవుచున్నదని మాత్రము రుజువైనది. పసుపు పండించు సీమవారు ఈ చరిత్రమును అందఱికంటె ముందుగా తెలిసికొనవలసినవారు. ఏలయన, ఈ రంగు తినిన పెద్దవాని కడుపు నొచ్చుటతో కథ ముగియదు. తినిన పసివాని బుద్ధి తగ్గును. తగ్గినదని వానికి గాని, వాని తల్లికి గాని, వాని పంతులుకు గాని తెలియదు.

మా బాల్యమున ఒక బడిలో మాతో కూడ ఒక పిల్లవాడు చదివెడివాడు. ఏ యూరి బడియో చెప్పనక్కఱ లేదు. వానికి ఎక్కములు వచ్చెడివి కావు. నేడు అప్పజెప్పినది రేపటికి మఱచెడివాడు. కోపము వచ్చినచో పలక విసరికొట్టెడివాడు. పంతులుగారు మంచివారే, కాని ఆ కాలపు పంతుళ్లకు తెలిసిన మందు ఒక్కటియే. గోడకుర్చీ, తొడపాశము, బెత్తము, ఈ మూటితో వాని చదువు సాగి మూడవ తరగతితో ముగిసినది. మేమందఱమును వానిని మొద్దు అని పిలిచితిమి. వాని తండ్రి కాలువలలో విసరువలతో చేపలు పట్టెడివాడు. వలయంచునకు కట్టు గుండ్లు కొనుటకు డబ్బు చాలక, ఎక్కడెక్కడివో సీసపు తునకలు ఏరితెచ్చి, వంటపొయ్యి మీదనే మూకుడులో కరగించి పోసికొనెడివాడు. పిల్లవాడు పొయ్యి యొద్ద కూర్చుండి, చల్లారిన గుండ్లను వలత్రాటికి చుట్టి పంటితో నొక్కి బిగించెడివాడు. మేమది చూచి అసూయపడితిమి. మా యిండ్లలో అట్టి ఆటవస్తువులు లేవు. వాని మందబుద్ధికి ఆ సీసమే కారణమని నేడు మేము చెప్పజాలము. ఎవ్వరును వాని రక్తము పరీక్షింపలేదు. మందబుద్ధికి వేయి కారణము లుండవచ్చును. అయినను ఈ విషయమును గూర్చి చదివినప్పుడెల్ల ఆ పొయ్యియే మా కన్నుల యెదుట నిలుచును.

సీసము తెలుగువారికి క్రొత్త లోహము కాదు. శాతవాహనుల నాటి నాణెములలో విశేషభాగము సీసపువే. ఇంత విరివిగా సీసమును నాణెములకు వాడిన రాజ్యములు లోకములో చాల తక్కువ. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోము పండితుడగు ప్లినీ, హిందూదేశమునకు కంచును సీసమును లేవనియు, రత్నములను ముత్యములను ఇచ్చి వానిని కొనుననియు వ్రాసెను. ఆ మాట పూర్తిగా నమ్మదగినది కాదు. రాజస్థానమున జావరు గనులు ప్రాచీనములు. మన గుంటూరు సీమలోనే, వినుకొండ దగ్గఱి అగ్నిగుండాలలో, సీసపు ఖనిజము కలదు; ఇరువదవ శతాబ్ది చివరి భాగమున అచ్చటి బండలమొట్టు గనిని హిందూస్థాన్ జింకు సంస్థ త్రవ్వినది.

మన రసశాస్త్రకారులు ఈ లోహమునకు నాగమని పేరు పెట్టిరి. శుద్ధి చేయని నాగమును లోనికి పుచ్చుకొనినచో రోగములు కలుగునని హెచ్చరించిరి కూడ. ఆ హెచ్చరికను మనము గౌరవింపవలెను. అయితే శుద్ధి చేసినంతనే సీసము సీసము కాకుండ పోవునని వారు తలంచుట వేఱు సంగతి. 2003 లో అమెరికాలోని బోస్టను నగరపు హిందూదేశీయుల దుకాణములలో అమ్మెడి ఆయుర్వేదపు మందులు 70 కొని పరీక్షింపగా 14టిలో సీసము, పాదరసము, పాషాణము వంటి లోహవిషములు కనబడినవి. ఆంజనేయస్వామికి పూయు గంగసింధూరము వట్టి సీసపు భస్మమే. దానిని పసిబిడ్డ నొసట రక్షగా పెట్టుదుము. బిడ్డ నొసలు తుడిచికొని వ్రేలు నోట పెట్టుకొనును. వెనుక ఇత్తడి గిన్నెలకు కళాయి పూయువాడు వీధిలోనికి వచ్చినచో పిల్లలము చుట్టు మూగెడివారము. కళాయికి మంచి తగరము వాడినచో భయము లేదు. తగరము ప్రియము, సీసము చౌక. రెంటిని కలిపి పూసినవాని గిన్నెలో చింతపండు పులుసు కాచినచో పులుపు సీసమును కరగించును. మన ఇంటిలో దేవుడును, వంటయును, వైద్యమును మూడును ఈ లోహముతో చుట్టఱికము చేసినవే.

పాశ్చాత్యులును దీనిని ఎఱుగకపోలేదు. గ్రీకు కవి నికాండరు సీసవిషపు లక్షణములను వర్ణించెను. రోము శిల్పి విట్రూవియసు సీసపు గొట్టములలో వచ్చు నీరు మంచిది కాదనియు, మట్టి గొట్టములే మేలనియు వ్రాసెను. కాని వీరందఱును పెద్దవారిని గూర్చియే తలంచిరి. గనిలో పనిచేయువాడు, రంగు వేయువాడు, అచ్చు కూర్చువాడు, వీరి కడుపునొప్పులును చేతుల వాలకమును వైద్యులు కనిపెట్టిరి. పిల్లలను గూర్చి తలంచినవారు చాలకాలము కనబడరు.

ఆస్ట్రేలియాలో క్వీన్సులాండు సీమ మన తీరమువలెనే ఎండల సీమ. అచ్చట ఇండ్లకు కొయ్య వసారాలు, వానికి తెల్లని సీసపు రంగు వేసిన కమ్ములు ఉండెడివి. బ్రిస్బేనులో గిబ్సను అను కంటివైద్యుడు, చూపు తగ్గి చేతులు పడిపోయి వచ్చు పిల్లలను చూచి చూచి, ఎండకు పొడియై రాలు ఆ కమ్ముల రంగే దీనికి మూలమని 1904 లో ప్రకటించెను. తోటివైద్యులలో చాలమంది నమ్మలేదు. పిల్లలకు అందుచోట్ల సీసపు రంగు వేయరాదని అచ్చటి ప్రభుత్వము 1922 లో శాసించినది. పదునెనిమిదేండ్లు పట్టినది.  మన దేశమున ఇంటిరంగులలో సీసము 10 లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2016 లో వెలువడి 2017 నవంబరునుండి అమలునకు వచ్చినది. గిబ్సను ప్రకటించిన 113 ఏండ్లకు!

ఆ కాలపు వైద్యుల నమ్మకమొకటి కలదు. సీసవిషము తగిలిన బిడ్డ చావవలెను, లేనిచో పూర్తిగా కోలుకొనవలెను. మూడవ దారి లేదని వారు తలంచిరి. 1943 లో బోస్టనులో బయర్సు, లార్డు అను వైద్యు లిరువురు ఈ నమ్మకమును పరీక్షించిరి. ఆసుపత్రిలో చేరి నయమైనదనిపించుకొని యింటికి వెళ్లిన 20 మంది పిల్లల వెంట వారు బడులదాక వెళ్లిరి. 19 మంది చదువులో వెనుకబడి యుండిరి. కొందఱు నిలుకడ లేక తిరుగుచుండిరి, కొందఱు తోటివారిని కొట్టుచుండిరి, కొందఱకు ఆకారములను చూచి గీయుట చేతకాకుండెను. ఆసుపత్రి పుస్తకములలో వీరందఱు స్వస్థులే. ఈ భాగము చదువుచున్నప్పుడు మాకు పలక విసరు మా సహాధ్యాయి జ్ఞప్తికి వచ్చెనని వేఱుగ చెప్పనక్కఱ లేదు.

పిమ్మట నీడిల్మను అను వైద్యుడు ఇంకొక అడుగు ముందునకు వేసెను. రోగమే లేనివారని తలంచు పిల్లల సంగతియేమి? రక్తములోని సీసము కొన్ని వారములలో మాఱిపోవును. ఎముకలోను దంతములోను చేరినది నిలిచియుండును. అందువలన ఆయన బడిపిల్లల ఊడిపోయిన పాలపండ్లను సేకరించి వానిలోని సీసమును కొలిచెను. సీసము హెచ్చుగా నున్న పండ్లవారికి బుద్ధిపరీక్షలలో మార్కులు తక్కువగా వచ్చినవి. వారు తరగతిలో నిలుకడగా కూర్చుండలేకుండిరని, ఈ సంగతి యెఱుగని పంతుళ్లే వ్రాసియిచ్చిరి. ఇది 1979 లో ప్రకటితమైనది. సీసపు వ్యాపారులు ఆయనపై మోసపు నేరము మోపించిరి. విచారణ జరిగి ఆయన నిర్దోషియని తేలినది. మనము ఇంటికప్పు మీదికి విసరివేయు పాలపన్ను ఒక సాక్షిపత్రమని అంతకుముందెవ్వరు తలంచిరి?

సీసము మెదడును చెఱచు విధమును గూర్చి కొంత చెప్పవలెను. మెదడులో ఒక నరపు కణమునుండి మఱియొక దానికి వార్త పోవుటకు కాల్షియము అను సున్నపు ధాతువు కావలెను. సీసము దాని వేషము వేసికొని దాని త్రోవనే లోనికి దూరును. దూరి ఆ పని చేయదు, చేయువానిని చేయనీయదు. పెద్దవాని ప్రేవులు తినిన సీసములో పదవవంతును మాత్రమే రక్తమునకు పంపును. పసిబిడ్డ ప్రేవులు ఇంచుమించు సగము పంపును. పుట్టిన మొదటి రెండు మూడేండ్లలో మెదడు ఎంత వేగముగా పెరుగునో మఱి జన్మలో ఎన్నడును అంత వేగముగా పెరుగదు. ఆ కాలమందే బిడ్డ నేలమీద ప్రాకి, దొరకినదెల్ల నోట పెట్టును. ఇంతకంటె వింత యేమనగా, తల్లి చిన్ననాడు తినిన సీసము ఆమె యెముకలలో దాగియుండి, గర్భకాలమున బిడ్డ యెముకలకై సున్నపు ధాతువు కరగునప్పుడు దానితో కూడ బయలుదేరి బిడ్డకు చేరును. తిండిలో ఇనుము, సున్నము తక్కువైనచో సీసము మఱింత సులభముగా ఒంట బట్టును. 2019-21 నడుమ జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున ఐదేండ్ల లోపు పిల్లలు నూటికి 60 మందికి పైగా రక్తహీనులని తేలినది. ఆకలిగొన్న బిడ్డయే సీసమునకు సులభమైన ఆహారము.

ఎంత సీసము ప్రమాదకరము? ఈ ప్రశ్నకు జవాబు దశాబ్దము దశాబ్దమునకు తగ్గుచు వచ్చినది. డెసిలీటరు రక్తములో 10 మైక్రోగ్రాములు దాటిన జాగ్రత్తపడవలెనని అమెరికా ప్రభుత్వము 1991 లో చెప్పినది. 2012 లో 5 అన్నది. 2021 లో 3.5 అన్నది. ఏడు విదేశీయ పరిశీలనలలోని 1,333 మంది పిల్లల లెక్కలను కూర్చి 2005 లో చూడగా, సీసము 2.4 నుండి 10 కి పెరుగువఱకు బుద్ధిపరీక్షలో ఇంచుమించు 4 మార్కులు పోయినవి. 10 నుండి 20 కి పెరుగుటలో 2 మాత్రమే పోయినవి. అనగా మొదటి చిటికెడే ఎక్కువ నష్టము చేయును. కొంచెమే గదా యను మాట ఈ విషయమున చెల్లదు. ప్రపంచారోగ్య సంస్థ నిరపాయమగు మోతాదు ఒకటి కలదని చెప్పుట లేదు.

ఈ సీసమును గాలిలోనికి ఎక్కించినవాని కథ వేఱుగా వ్రాయదగినది, క్లుప్తముగా చెప్పెదము. మోటారు యంత్రము కొట్టుకొనకుండ నడచుటకై పెట్రోలులో సీసపు ద్రవము కలుపుటను 1921 లో మిడ్జిలీ అను అమెరికా రసాయనికుడు కనిపెట్టెను. 1924 లో న్యూజెర్సీ కర్మాగారమున ఆ ద్రవము తయారుచేయు పనివారు పిచ్చియెత్తి ఐదుగురు మరణించిరి. మిడ్జిలీ పత్రికావిలేఖకుల యెదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని ఏమియు కాదని చూపెను. అంతకుముందు సంవత్సరమే తాను సీసవిషమునకు విశ్రాంతి పుచ్చుకొనవలసివచ్చెనని చెప్పలేదు. ఆలిస్ హామిల్టను అను వైద్యురాలు ప్రభుత్వసభలో ఎదిరించెను. ఆమె మాట నెగ్గలేదు. లోకమంతయు అఱువది డెబ్బది యేండ్లు ఆ పొగ పీల్చెను. తెనాలి బస్సులు డీజిలువి కనుక ఆ పాపము వానిది కాదు. మోటారు సైకిళ్లు, స్కూటర్లు, కారులు దానిని పంచినవి. మన దేశమున 1995 లో నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలు ప్రవేశించి, 2000 నాటికి దేశమంతట సీసపు పెట్రోలు నిలిచిపోయినది. దానికి కొంచెము ముందుగా పెద్ద నగరముల పిల్లలను పరీక్షింపగా సగమునకు మించినవారి రక్తములో 10 మైక్రోగ్రాములకంటె ఎక్కువ సీసము కనబడినది. ఆ పిల్లలు నేడు ముప్పదియేండ్ల ప్రాయపువారు. లోకమున చివరకు అల్జీరియా 2021 లో ఆ పెట్రోలు అమ్ముట మానినది.

పెట్రోలులో సీసము పోయినది కనుక భయము తీరినదని మనవారు తలంచిరి. 2020 డిసెంబరు మొదటివారమున ఏలూరు ఆ నిద్ర చెఱచినది. నిలుచున్నవారు నిలుచున్నట్లే మూర్ఛపోయి పడిరి. కొద్దిదినములలో ఆఱువందలకు మించిన జనము, వారిలో పిల్లలు కూడ, ఆసుపత్రికి చేరిరి. ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ కొందఱి రక్తము పరీక్షించి సీసమును నికెలును హెచ్చుగా నున్నవని చెప్పినది. తుదకు ప్రభుత్వము నియమించిన సంఘము పురుగుమందుల అవశేషములే ముఖ్యకారణమని నిర్ణయించినది. రోగులు ఇండ్లకు వెళ్లిరి. పత్రికలు మఱియొక వార్తకు పోయినవి. మాకు తోచినదేమనగా, మూర్ఛకు కారణము పురుగుమందే యగుగాక, ఆ రక్తములో సీసము ఎట్లు వచ్చినది, పిల్లల రక్తములో నేటికిని ఉన్నదా అను ప్రశ్న అందువలన తీరదు. మూర్ఛపోయి పడినచో నూఱు కెమెరాలు వచ్చును. మార్కులు తగ్గినచో బెత్తము వచ్చును.

పురుగుమందుల మాట వచ్చినది కనుక ఒక చిన్న సంగతి. మెక్సికోలో యాకీలోయయందు ఒకే జాతి జనము కొందఱు మందులు చల్లు పొలముల నడుమను, కొందఱు చల్లని కొండచఱియలలోను ఉందురు. గిల్లెట్టు అను పరిశోధకురాలు నాలుగైదేండ్ల పిల్లలను మనిషి బొమ్మ గీయుడని కోరెను. కొండచఱియ పిల్లలు తల, కాళ్లు, చేతులు గల మనిషిని గీసిరి. లోయపిల్లలలో చాలమంది గీతలే గీసిరి. ఆ బొమ్మలు 1998 లో అచ్చుపడినవి. ఒక పరిశోధనతో సిద్ధాంతము నిలువదని మేమెఱుగుదుము. కాని ప్రత్తికిని మిరపకును వారమున కొక మందు చల్లిన గుంటూరు సీమవారము మనము ఆ బొమ్మలను చూచి ఊరకుండరాదు. ఖమ్మము సీమలో పునుకుల గ్రామస్థులు ఇరువదియొకటవ శతాబ్ది మొదటి యేండ్లలో పురుగుమందులను విడిచి వేపకషాయములతో ప్రత్తి పండించి అప్పులనుండి కూడ బయటపడిరి. చేయదలచినవారికి త్రోవ కలదు.

ఇక పసుపు కథకు వత్తము. బంగ్లాదేశపు పల్లెలలో గర్భిణుల రక్తమున సీసము హెచ్చుగా కనబడినది. అచ్చట కర్మాగారములు లేవు, మోటారులు లేవు, ఇండ్లకు రంగులు లేవు. పరిశోధకులు డబ్బా తిండ్లను, పొలపు మందులను, మట్టిని అనుమానించి చూచిరి. తుదకు దోషి వంటింటి పోపులపెట్టెలో దొరకినది. సీసమునకు పుట్టుచోటునుబట్టి వేలిముద్రవంటి గుర్తు ఉండును. గర్భిణుల రక్తములోని గుర్తును పసుపులోని గుర్తును సరిపోయినవి. పాలిషు పట్టువారు కొమ్ములతో పాటు సీసక్రోమేటు అను పచ్చరంగు పొడిని పీపాలో వేయుచుండిరి. ఎప్పటినుండి యని అడుగగా, 1980 దశకమున వచ్చిన పెద్ద వఱదలో తడిసి నల్లబడిన పసుపును అమ్ముకొనుటకై మొదలుపెట్టితిమనిరి. వఱద పోయినది, అలవాటు నిలిచినది. రంగు పూసిన కొమ్మునకు అలవాటుపడిన కన్ను పూయని కొమ్మును కొననొల్లలేదు.

ఈ సంగతి 2019 లో ప్రకటితము కాగా అచ్చటి ప్రభుత్వము మెచ్చదగిన పని చేసినది. పత్రికలలో ప్రకటించి, ఢాకాలోని శ్యామబజారునకు అధికారులను పంపి, అక్కడికక్కడ సీసము చూపు యంత్రముతో సరకు పరీక్షించి, దొరకినవారికి జుల్మానా వేసినది. 2019 లో బజారు పసుపులో 47 శాతము నమూనాలలో సీసముండెను. 2021 నాటికి ఒక్కటియు దొరకలేదు. రెండేండ్లలో! పసుపు మరలలో పనిచేయువారి రక్తములోని సీసము కూడ తగ్గినది. పేదదేశమున సాధ్యము కాదను వాదమునకు ఇంతకంటె మంచి జవాబు మాకు తెలియదు.

మన సంగతియో? దక్షిణాసియా నగరములలో కొనిన పసుపును పరీక్షించి 2024 లో ప్రకటించిన ఫలితములలో పాట్నా, గౌహతి, చెన్నపట్టణము పేరులు సీసము హెచ్చుగానున్న చోట్లలో కలవు. మన దేశపు చట్టము పసుపులో సీసము 10 లక్షల పాళ్లకు 10 పాళ్లు మించరాదనును. సీసక్రోమేటు కలుపుట పూర్తిగా నిషిద్ధము. చట్టము లేక కాదు. పసుపు పొడి యే పొలమునుండి వచ్చినదో, ఏ మరలో ఆడినదో కొనువానికి తెలియదు. దుగ్గిరాలలో మేలైన కొమ్మును పండించిన రైతునకు తన సరకు ఎక్కడ ఏ రంగు పూసికొన్నదో తెలియదు. నిజమైన పాలిషుకు పసుపు పొడియే చాలును. కొంచెము పటిక, కొంచెము ఆముదము కలిపి పూయుట పూర్వమునుండి యున్న పద్ధతి. అది సీసపు రంగువలె కన్ను చెదరునట్లు మెఱయదు. మెఱయనందులకే దానికి ధర తగ్గును.

కొందఱు మాతో వాదించిరి: "మన తాతముత్తాతలు పసుపు తినియే నూఱేండ్లు బ్రదికిరి, పసుపు క్రిమిసంహారి, దానిని దూషించుట పాశ్చాత్యుల కుట్ర." అయ్యా, మేము పసుపును దూషించుట లేదు, పసుపుపైని పూతను దూషించుచున్నాము. సీసక్రోమేటును మన తాతముత్తాతలు తినలేదు. క్రోమియము అను ధాతువును ఫ్రాన్సులో వోక్లాను కనిపెట్టినదే 1797 లో. ఈ రంగు లోకమునకు వచ్చినది ఆ తరువాత. మఱికొందఱు, చదువు రాకుండుట తలరాత యనిరి. ఈ మాటకు మేము శాంతముగా జవాబు చెప్పలేము. బాలెంతరాలికి పథ్యముగా పెట్టు పసుపును, పసిబిడ్డకు నలుగు పెట్టు పసుపును, గడపకు పూయు పసుపును మనుష్యుడు డబ్బునకై చెఱచి, బిడ్డ బుద్ధి తగ్గినచో దానిని బ్రహ్మకు అంటగట్టుట ఏపాటి ధర్మము? బ్రహ్మ సీసముతో వ్రాయడు.

మనవారిలో మార్గము చూపినవారు లేకపోలేదు. అనకాపల్లి సీమలోని ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేయుదురు. రసాయనపు రంగులలోని విషము పిల్లల నోటికి పోవుచున్నదని తెలిసి, చింతలపాటి వెంకటపతిరాజుగారు ఆకులు, బెరళ్లు, గింజలనుండి రంగులు తీయు పాత విద్యను పునరుద్ధరించి ఆ బొమ్మలకు కట్టించిరి. 2023 లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఆ రంగులలో పసుపు కూడ ఒకటి.

ఇప్పుడు కావలసినది పెద్ద ఉపదేశము కాదు, చిన్న పరీక్ష. వ్రేలిచివర చిందిన ఒక బొట్టు రక్తముతో కొద్దినిమిషములలో సీసము చెప్పు యంత్రములు కలవు. ఐక్యరాజ్యసమితి బాలనిధి 2020 లో వేసిన లెక్కప్రకారము మన దేశమున 27 కోట్లకు మించిన పిల్లల రక్తములో 5 మైక్రోగ్రాములకంటె ఎక్కువ సీసమున్నది. అది లెక్కకట్టి ఊహించిన సంఖ్య. ఒక్కొక్క బిడ్డను పరీక్షించి చెప్పినది కాదు. అంగన్‌వాడీలో బరువు తూచుచున్నారు, ఎత్తు కొలుచుచున్నారు. ఈ బొట్టు కూడ తీసినచో గుంటూరు జిల్లాలో ఏ పల్లెలో ఏ బిడ్డకు ఎంత యున్నదో తెలియును. యార్డులో తేమ కొలిచినట్లే సీసమును కొలుచు యంత్రము ఒకటి పెట్టినచో, నిర్మలమైన సరకు పండించు రైతునకు ధర పెరుగునే గాని తగ్గదు.

మా యింట మా మేనత్త బ్రదికియున్నంతకాలము పసుపు పొడి కొననిచ్చెడిది కాదు. ఎఱిగిన రైతునొద్ద కొమ్ములు తీసికొని, నాలుగు విఱిచి చూచి, పైన మెఱయువానిని ప్రక్కకు నెట్టి, మసకగానున్నవానిని ఏరుకొని దంపించెడిది. ఎందుకని అడిగినచో, "పూసిందాంట్లో పస ఏముంటదిరా" అనెడిది. ఆమె సీసము పేరు ఎఱుగదు. మొన్న మేము బజారులో ఒక దుకాణమునకు వెళ్లి, ఈ పసుపునకు సీసపు పరీక్ష చేయించిన కాగితమున్నదా యని అడిగితిమి. దుకాణదారుడు మమ్ము తేఱిపాఱజూచి, రెండు పొట్లములు ముందుకు నెట్టి, "రంగు బాగుందా అని అడుగుతారండి. ఇది మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండి" అనెను.